కొలబద్దను ప్రశ్నించిన గణితవేత్త: హెర్మన్ వైల్

రైలు ప్రయాణము చేసినవారందరును గేజి అను మాటను వినియే యుందురు. పట్టాల నడుమ నుండు వెడల్పునకు గేజి యని పేరు. మన దేశమున చిరకాలము బ్రాడ్‌గేజి, మీటరుగేజి, నారోగేజి అను మూడు విధములైన మార్గములుండెడివి. ఒక గేజి ముగిసి వేరొక గేజి మొదలగు స్టేషనులో ప్రయాణికులు మూటాముల్లెలతో దిగి బండి మారవలసి వచ్చెడిది. ఈ మాట భౌతికశాస్త్రములోనికి కూడ ప్రవేశించి అచట గొప్ప పదవి నందుకొన్నది. విద్యుత్తును గురించియు, పరమాణు కేంద్రకములోని బలములను గురించియు నేడు శాస్త్రజ్ఞులు అంగీకరించిన సిద్ధాంతములకు గేజి సిద్ధాంతములని పేరు. ఆ భావమును కనిపెట్టి దానికి నామకరణము చేసినవాడు హెర్మన్ వైల్ అను జర్మను గణితవేత్త. ఆయన వాడిన జర్మను మాటకు కొలతలను తూనికలను సరిచూచుట అని అర్థము. దుకాణములోని తూనికరాళ్లను అధికారి వచ్చి సరిచూచి ముద్ర వేయునే, ఆ పని యన్నమాట. ఆంగ్లమున దానిని గేజి అనిరి.

వైల్ 1885వ సంవత్సరము నవంబరు 9వ తేదీన ఉత్తర జర్మనీలో హాంబర్గు నగరమునకు సమీపమున నున్న ఎల్మ్స్‌హార్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి లుడ్విగ్ వైల్ బ్యాంకు వ్యవహారములు చూచుకొనువాడు. తల్లి పేరు ఆన్నా. బాలుడు సమీపముననే యున్న ఆల్టోనా పట్టణపు ఉన్నత పాఠశాలలో చదివెను. ఆ దినములలో వారి యింట ఒక పాత పుస్తకము అతని కంటబడెను. అది కాంట్ అను జర్మను తత్త్వవేత్త వ్రాసిన మహాగ్రంథమునకు వ్యాఖ్యానము. దేశకాలములు మన మనస్సునకు వెలుపల నున్న వస్తువులు కావనియు, మనస్సు లోకమును చూచు తీరులే యనియు, కావుననే యూక్లిడ్ జ్యామితి తిరుగులేని సత్యమనియు కాంట్ బోధించెను. పదునాఱు, పదునేడేండ్ల బాలునకు ఈ బోధ వేదవాక్యమై తోచెను.

ఆల్టోనా పాఠశాల ప్రధానోపాధ్యాయుడు డేవిడ్ హిల్బర్ట్ అను గణితాచార్యునకు బంధువు. హిల్బర్ట్ గట్టింగెన్ విశ్వవిద్యాలయమున బోధించుచుండెను. గౌస్, రీమాన్ వంటి వారు పనిచేసిన స్థలమది. ప్రధానోపాధ్యాయుడు తన శిష్యుని ఆయన వద్దకు పంపెను. ఒక ఉపాధ్యాయుని సిఫారసు ఎంత దూరము పోవునో చూడుడు! 1904లో ఆ పల్లెటూరి విద్యార్థి గట్టింగెన్ చేరెను. అచట హిల్బర్ట్ జ్యామితి గ్రంథము చదువగానే అతని మనస్సులోని కాంట్ కట్టడము కూలిపోయెను. యూక్లిడ్ జ్యామితి ఒక్కటే కాదు, తర్కమునకు లోపములేని జ్యామితులు పెక్కులుండుటకు వీలున్నదని ఆ గ్రంథము తెలిపెను. ఏ జ్యామితి ఈ లోకమునకు వర్తించునో ఆలోచన వలన గాక పరీక్ష వలననే తేలవలెను. ఈ దెబ్బను వైల్ జన్మాంతము మరువలేదు. మొదటి సంవత్సరపు వేసవి సెలవులలో అతడు హిల్బర్ట్ వ్రాసిన సంఖ్యాశాస్త్ర గ్రంథమును ఇంటికి తీసికొనిపోయి, ఆ విషయమున పూర్వపరిచయ మేమియు లేకున్నను, పట్టుబట్టి చదివెను. తన జీవితమున అంతటి ఆనందకరమైన మాసములు లేవని వృద్ధాప్యమున తలచుకొనెను.

1908లో హిల్బర్ట్ వద్దనే డాక్టరు పట్టము పొంది, కొన్ని సంవత్సరములు అచటనే బోధించి, 1913లో స్విట్జర్లండు దేశపు జ్యూరిక్ నగరమున సాంకేతిక విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. ఆ యేడే హెలీన్ జోసెఫ్ అను విద్యావతిని వివాహమాడెను. ఆమె తత్త్వశాస్త్రము నభ్యసించినది. తరువాత స్పానిష్ గ్రంథములను అనువదించి పేరు గాంచినది. ఆమెది యూదుల కుటుంబము. ఈ సంగతి అప్పటికి ఎవరికిని లెక్కలోనిది కాదు. ఇరువది యేండ్ల పిమ్మట అదియే వారి బ్రదుకును మార్చివేసెను.

జ్యూరిక్‌లో అప్పుడు ఐన్‌స్టైన్ కూడ ఆచార్యుడు. ఒక సంవత్సర కాలము వారిరువురు సహోద్యోగులైరి. 1914లో ఐన్‌స్టైన్ బెర్లిను నగరమునకు తరలిపోయెను. అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1915లో వైల్‌ను జర్మను సైన్యములోనికి పిలిచిరి. స్విట్జర్లండు ప్రభుత్వము కోరుటచే 1916లో విడిచిపెట్టిరి. తిరిగివచ్చునప్పటికి ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ సిద్ధాంతము ప్రకటితమై యుండెను. వైల్ దానిపై వెంటనే ఉపన్యాసములిచ్చి, వానిని 1918లో దేశము, కాలము, ద్రవ్యము అను పేరుగల గ్రంథముగా వెలువరించెను. సాపేక్షతా సిద్ధాంతమును ఒక తరము విద్యార్థులు ఆ గ్రంథము ద్వారానే నేర్చుకొనిరి.

గ్రంథము వ్రాయుచుండగానే ఆయనకొక సందేహము కలిగెను. దానిని కొంచెము ఓపికగా వినవలెను, ఏలననగా తరువాతి కథ యంతయు దానిలోనిదే. ఒక భూగోళమును తీసికొనుడు. భూమధ్యరేఖ మీద ఉత్తరదిక్కును చూపుచున్న బాణమునొకదానిని ఊహించి, దానిని ఎచ్చటను త్రిప్పక ఉత్తరధ్రువము వరకు జరుపుడు. అచట నుండి వేరొక రేఖాంశము వెంబడి మరల భూమధ్యరేఖకు దింపి, ఆ రేఖ మీదుగా మొదటి చోటికి తెండు. బాణము ఇప్పుడు ఉత్తరమును చూపదు! మీరు త్రిప్పలేదు, గోళపు వంపే దానిని త్రిప్పినది. ఐన్‌స్టైన్ సిద్ధాంతమున గురుత్వాకర్షణ అనగా ఇట్టి వంపే. దూరదూరమున నున్న రెండు బాణములు ఒకే దిక్కును చూపుచున్నవా అని అడుగుటకు అర్థము లేదు. ఏ దారిని తెచ్చి పోల్చితిమో దానిని బట్టి సమాధానము మారును. అయితే బాణము దిక్కు మారినను పొడవు మాత్రము మారదని ఆ జ్యామితి ఒప్పుకొనుచున్నది. పొడవునకు మాత్రము ఈ మినహాయింపు ఏల? వైల్ సందేహమిదియే. మన దేశమున పూర్వము ఒక యూరి కుంచము వేరొక యూరి కుంచముతో సరిపోయెడిది కాదు. అట్లే విశ్వమున ప్రతి చోటునను కొలబద్దను ఆ చోటి ఇచ్చ చొప్పున పెట్టుకొనవచ్చుననియు, ఒక చోటి కొలతను ప్రక్క చోటి కొలతతో కలుపు నియమము మాత్రము ప్రకృతి యిచ్చుననియు ఆయన అనుకొనెను.

అట్లు అనుకొని లెక్క వేయగా విచిత్రమొకటి జరిగెను. కొలతలను కలుపు ఆ నియమము నుండి కొన్ని రాశులు బయలుదేరినవి. అవి విద్యుదయస్కాంత క్షేత్రమును గురించి మాక్స్‌వెల్ వ్రాసిన సమీకరణములకు సరిగా లోబడినవి! గురుత్వాకర్షణ దిక్కుల లెక్క యైనచో, విద్యుత్తు పొడవుల లెక్క. రెండు మహాబలములు ఒక్క జ్యామితిలో ఇమిడిపోయినవి. అప్పటికి వైల్ వయస్సు ముప్పదిరెండు.

ఆయన ఆ వ్యాసమును ఐన్‌స్టైన్‌కే పంపెను. ఐన్‌స్టైన్ మొదట దానిని విశేషముగా మెచ్చుకొనెను. కొలది దినములలోనే దాని ప్రాణస్థానమును కనిపెట్టెను. పొడవులు దారిని బట్టి మారునట్లయిన గడియారముల వేగము కూడ దారిని బట్టి మారవలెను. ప్రతి పరమాణువు ఒక గడియారమే గదా! హైడ్రోజను పరమాణువులు ఏ నక్షత్రమున పుట్టినను, ఏ దారిని వచ్చినను, ఒకే రంగు గీతలను వర్ణపటమున చూపుచున్నవి. గడచిన చరిత్రను అవి జ్ఞాపకముంచుకొనుట లేదు. కావున ఈ సిద్ధాంతము ఎంత అందమైనదైనను ప్రకృతి దానిని అనుసరించుట లేదు. 1918లో వ్యాసము ప్రష్యా విజ్ఞాన పరిషత్తు వారి సంచికలో అచ్చయ్యెను. దాని వెంట ఐన్‌స్టైన్ ఆక్షేపణయు, దానికి వైల్ సమాధానమును కూడ అచ్చయ్యెను. సమాధానము బలమైనది కాదు. ఐన్‌స్టైన్ పక్షమే న్యాయమని నేడు మనము నిస్సంశయముగా చెప్పవచ్చును. వైల్‌కు మాత్రము ఆ భావమును విడుచుటకు మనస్సొప్పలేదు. తరువాతి కొన్ని సంవత్సరములు శుద్ధగణితమున గడపెను. నిరంతర సమూహములను గురించి 1925, 1926 సంవత్సరములలో ఆయన చేసిన పరిశోధన గణితజ్ఞుల దృష్టిలో ఆయన జీవితమున కెల్ల శిఖరము.

ఆ కాలముననే జ్యూరిక్‌లో ష్రోడింగర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు వైల్‌కు ఆప్తమిత్రుడై యుండెను. ఎలక్ట్రాను తరంగమువలె ప్రవర్తించునని చెప్పు ప్రసిద్ధ సమీకరణమును ఆయన కనిపెట్టినప్పుడు దానిని సాధించు గణితోపాయము చెప్పినవాడు వైల్. ఈ తరంగములు రాగానే 1918 నాటి భావమునకు పునర్జన్మ కలిగినది. వైల్ సూత్రమున ఋణ ఒకటి యొక్క వర్గమూలము అను సంఖ్యను చేర్చినచో, మారునది పొడవు కాదు, తరంగము యొక్క దశ యని 1927లో ఫ్రిట్జ్ లండన్ చూపెను. ఆ వర్గమూలము పనికిమాలిన ఊహ యని బీజగణితపు తరగతిలో అనుకొను పిల్లలు ఈ సంగతిని గమనింతురు గాక.

దశ యనగా నేమి? ఎలక్ట్రాను తరంగమున ప్రతి బిందువు వద్ద ఒక గడియారపు ముల్లు తిరుగుచున్నట్లు భావింపుడు. ముల్లు పొడవు ఎలక్ట్రాను అచట దొరకుటకు గల సంభావ్యతను తెలుపును. ముల్లు చూపు దిక్కే దశ. పండ్రెండు గంటల గుర్తును పలకము మీద ఎచ్చట పెట్టవలెనో ప్రకృతి చెప్పదు. దానిని మన యిచ్చ వచ్చినట్లు పెట్టుకొనవచ్చును. 1929లో వైల్ వ్రాసిన ఎలక్ట్రాను, గురుత్వాకర్షణ అను వ్యాసము ఈ స్వేచ్ఛను ప్రతి బిందువునకు వేరువేరుగా ఇచ్చినది. ఒక చోటి గుర్తును ప్రక్క చోటి గుర్తుతో కలుపుటకు ఒక వస్తువు కావలెను. ఆ కలుపునదే విద్యుదయస్కాంత క్షేత్రము. విద్యుదావేశము సృష్టిలో ఎన్నడును నశింపదను నియమము కూడ ఈ స్వేచ్ఛ నుండియే పుట్టుచున్నది. గేజి సౌష్ఠవమని నేడనునది ఇదియే. ఐన్‌స్టైన్ ఆక్షేపణకు ఇచట తావు లేదు, ఏలననగా పరమాణువుల కొలతలు మారుట లేదు. పదునొకండేండ్ల క్రిందట తప్పుచోట నాటిన విత్తనము సరియైన చోట మొలకెత్తెను.

ఆ వ్యాసముననే రెండవ భావమొకటి కలదు. ఎలక్ట్రానును వర్ణించుటకు డిరాక్ అను ఆంగ్లేయుడు 1928లో వ్రాసిన సమీకరణమున నాలుగు అంశములు గలవు. అవి రెండేసి చొప్పున రెండు భాగములనియు, ఒకటి ఎడమచేతి వాటము గలదనియు, వేరొకటి కుడిచేతి వాటము గలదనియు వైల్ చూపెను. ఈ రెండింటిని కలిపి కట్టునది ద్రవ్యరాశి ఒక్కటే. దీని కారణము సులభము. ద్రవ్యరాశి గల కణము కాంతి కంటె మెల్లగా పోవును. బొంగరమువలె తిరుగుచు ముందునకు పోవు అట్టి కణమును మీరు వేగముగా పోయి దాటినచో, అది వెనుకకు పోవుచున్నట్లు కనిపించును. కాని తిరుగుట మాత్రము పూర్వమువలెనే యుండును. అప్పుడు ఎడమవాటము కుడివాటముగా తోచును. ద్రవ్యరాశి లేని కణము కాంతివేగముతో పోవును, దానిని దాటుట ఎవరి తరము కాదు. కావున దానికి ఒకే వాటము శాశ్వతముగా నుండవచ్చును. వైల్ సమీకరణము నుండి ద్రవ్యరాశిని తీసివేసి, రెండంశములతోనే సరిపెట్టెను. ఎలక్ట్రానుకు ద్రవ్యరాశి యున్నది గదా యని అడిగిన, అది ఈ సమీకరణమునకు వెలుపల నుండి, బహుశః గురుత్వాకర్షణ నుండి, వచ్చునని ఆశించెను. ఆ ఖాళీని ఆయన ఖాళీగానే విడిచెను.

రెండంశముల సమీకరణమునకు శత్రువైనవాడు వుల్ఫ్‌గాంగ్ పౌలీ. తీక్ష్ణమైన విమర్శకు ఆయన పేరుమోసినవాడు. దశను గురించిన భావమును మొదట పరిహసించి, తరువాత మనసారా మెచ్చుకొనెను. కాని ఈ సమీకరణము అద్దము ముందు నిలువదని పౌలీ చెప్పెను. అద్దమున కుడియెడమలు తారుమారగును. ఎడమవాటపు కణము మాత్రమే యున్న లోకమునకు అద్దపు ప్రతిబింబము లోకమున లేని దగును. ప్రకృతి కుడియెడమల భేదమును పాటించునని అప్పుడెవరును కలలోనైన అనుకొనలేదు. అందుచే 1933లో పౌలీ తన పెద్దవ్యాసమున ఆ సమీకరణము భౌతికసత్యమునకు వర్తింపదని వ్రాసెను.

ఆ 1933వ సంవత్సరమున వైల్‌కు సమీకరణములను గురించి వాదించు తీరిక లేకుండెను. 1930లో హిల్బర్ట్ విశ్రాంతి తీసికొనగా గురుపీఠమును అలంకరించుటకు ఆయన గట్టింగెన్ తిరిగివచ్చి యుండెను. అచట ఎమ్మీ నోతర్ అను విదుషీమణి యుండెను. ప్రకృతిలోని ప్రతి నిరంతర సౌష్ఠవము నుండియు ఒక నిత్యత్వ నియమము పుట్టునని 1918లో నిరూపించినది ఆమెయే. ఆవేశము నశింపదను నియమమును గేజి సౌష్ఠవము నుండి రాబట్టుటకు మార్గము అదియే. స్త్రీ యగుటచే ఆమెకు ఆచార్యపదవి నీయలేదు. తనకంటె గణితమున గొప్పదగు వ్యక్తి క్రింది పదవిలో నుండగా తాను పైపీఠమున కూర్చుండుటకు వైల్ సిగ్గుపడెను. ఆమెకు పదవి యిప్పించుటకు యత్నించి విఫలుడయ్యెను.

1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఏప్రిలులో యూదులైన ఉద్యోగులను తొలగించు చట్టము వచ్చినది. నోతర్ పదవి పోయినది. గణితసంస్థను నడపుచున్న కురాంట్ పదవి పోయినది. వైల్ ఆ వేసవిలో సంస్థ బాధ్యత వహించి, అధికారులకు లేఖలు వ్రాయుచు, తొలగింపబడినవారిని నిలుపుటకు తిరుగుచుండెను. ఫలితము లేకపోయెను. ఆయన స్వయముగా యూదుడు కాడు. ఉండదలచిన ఉండవచ్చును. కాని హెలీన్‌కును, ఇరువురు కుమారులకును ఆ దేశమున భవిష్యత్తు లేదు. అమెరికాలో ప్రిన్‌స్టన్ నగరమున నూతనముగా నెలకొల్పిన ఉన్నతవిద్యా పరిశోధనాలయము వారు అంతకుముందే పదవి నీయజూపగా ఎంతో తటపటాయించి నిరాకరించి యుండెను. ఇప్పుడు దానినే స్వీకరించి 1933లో కుటుంబముతో సముద్రము దాటెను. ఐన్‌స్టైన్ కూడ ఆ సంస్థకే చేరెను. నోతర్ అమెరికాలోనే బ్రిన్‌మార్ అను స్త్రీల కళాశాలకు చేరి, 1935 ఏప్రిలులో శస్త్రచికిత్స పిమ్మట మరణించెను. ఆమె స్మారక సభలో వైల్ చేసిన దీర్ఘోపన్యాసము ఆమె గణితమును, ధైర్యమును లోకమునకు తెలిపిన తొలి రచనలలో నొకటి.

నలుబది యెనిమిదవ యేట పరాయి దేశమున కాపురము పెట్టుట యన్నివిధముల కష్టమే. వైల్‌ను మిక్కిలి బాధించినది మాత్రము భాష. ఆయన జర్మనులో గొప్ప శైలి గల రచయిత. గణితగ్రంథమును కూడ సాహిత్యమువలె వ్రాయువాడు. 1939లో సమూహములను గురించిన మహాగ్రంథమును ఆంగ్లమున వ్రాయవలసి వచ్చినప్పుడు, ఊయలలో విననట్టి భాష తన కలమునకు కాడియైనదని పీఠికలో వాపోయెను. పరభాషలో వ్రాయుట వలన తన వాక్యము తేజస్సు కోల్పోయినదని ఆయన బాధ. హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను ఇంట నొక భాష, వీథిలో నొక భాష, ఉద్యోగమునకు మరియొక భాషగా బ్రదుకు మన కుటుంబములకు ఈ బాధను వివరింప నక్కరలేదు. ఇందొక చిత్రము కలదు. ఆ గ్రంథము ఆంగ్లమున శైలికి కూడ పేరుపొందినది. పరభాషను ఆయన నిందించెనే గాని నేర్చుకొనుట మానలేదు.

1948లో హెలీన్ మరణించెను. రెండేండ్ల తరువాత వైల్ జ్యూరిక్‌కు చెందిన ఎల్లెన్ అను శిల్పిని వివాహమాడెను. 1951లో పదవీవిరమణ చేసి, ఏటికి సగము కాలము ప్రిన్‌స్టన్‌లోను, సగము జ్యూరిక్‌లోను గడపుచుండెను. 1952లో సౌష్ఠవమును గురించి చిన్నగ్రంథము వెలువరించెను. శిల్పములు, పూలు, తేనెపట్టులు, మంచురవలు మొదలుకొని స్ఫటికముల వరకు గల క్రమమును గణితము తెలియనివారికి కూడ చూపు గ్రంథమది. మన పాఠశాలల గ్రంథాలయములలో నుండదగినది.

ఇంతలో ఆయన భావము ఆయనకు తెలియకుండగనే వేరొకచోట పెరుగుచుండెను. చైనా నుండి వచ్చిన యాంగ్ అను యువకుడు 1949 నుండి ప్రిన్‌స్టన్ పరిశోధనాలయముననే యుండెను. ఆయన, మిల్స్ అను అమెరికను సహచరుడు కలిసి 1954లో గేజి స్వేచ్ఛను విద్యుత్తునకే గాక కేంద్రకములోని ప్రోటాను, న్యూట్రానులకు కూడ విస్తరింపజేసిరి. ఆ ఫిబ్రవరిలో యాంగ్ ప్రిన్‌స్టన్‌లో ఉపన్యసించుచు నల్లబల్ల మీద సమీకరణము వ్రాయగానే సభలో నున్న పౌలీ అడ్డుతగిలి, ఈ క్షేత్రమునకు ద్రవ్యరాశి ఎంతయని అడిగెను. యాంగ్ చెప్పలేకపోయెను. పౌలీ విడువలేదు. యాంగ్ ఉపన్యాసము ఆపి కూర్చుండెను. సంస్థాధ్యక్షుడైన ఓపెన్‌హైమర్ సర్దిచెప్పి కొనసాగింపజేసెను.

పౌలీ ప్రశ్నలోని పదునును గ్రహింపవలెను. గేజి స్వేచ్ఛ వలన క్షేత్రపు విలువను చోటుచోటునకు మార్చుకొనవచ్చును. భేదములకే అర్థము కలదు. సముద్రమట్టమును సున్న యన్నను, మన గడపను సున్న యన్నను కొండకు లోయకు గల ఎత్తుభేదము మారనట్లే. కాని ద్రవ్యరాశిని సమీకరణమున వ్రాయవలెనన్న క్షేత్రపు విలువయే కావలెను, భేదము చాలదు. అది వ్రాయగానే సౌష్ఠవము చెడును. వ్రాయనిచో బలమును మోయు కణము కాంతివలె ద్రవ్యరాశి లేనిదగును. అట్టి బలము నక్షత్రముల దూరము కూడ పోవలెను. కేంద్రకములోని బలములు కేంద్రకము దాటుటయే లేదు! విద్యుత్తునకు వరమైనది తక్కిన బలములకు శాపమయ్యెను. పౌలీ తానును రహస్యముగా ఇట్టి లెక్కనే వేసి, ఈ చిక్కు చూచి ప్రకటింపక మానెను. యాంగ్, మిల్స్ మాత్రము చిక్కును ఒప్పుకొనియే ప్రకటించిరి. సాహసమన్న ఇదియే యని నా యభిప్రాయము.

ఆ సంవత్సరములలో వైల్, యాంగ్ అప్పుడప్పుడు కలిసికొనుచునే యుండిరి. గేజి భావమును గురించి వారిరువురి నడుమ ఒక్కమాటయు జరుగలేదని యాంగ్ తరువాత వ్రాసికొనెను. తన బిడ్డ కొత్త రూపమున పక్క గదిలో నున్నదని ఆ తండ్రికి ఎవరును చెప్పలేదు.

1955 నవంబరులో వైల్ డెబ్బదవ జన్మదినము జ్యూరిక్‌లో జరిగెను. నలుదిక్కుల నుండి అభినందనలు వచ్చెను. వానికి ప్రత్యుత్తరములు వ్రాసి, డిసెంబరు 8వ తేదీన తపాలాపెట్టెలో వేసి మరలివచ్చుచుండగా గుండె ఆగి మరణించెను.

పదుమూడు మాసములు గడచెను. 1957 జనవరిలో ఉ అను చైనా విదుషీమణి, వాషింగ్టనులోని సహచరులతో కలిసి, కోబాల్టు కేంద్రకములను మిక్కిలి చల్లబరచి అయస్కాంతముతో ఒకే దిక్కునకు నిలిపి, వాని నుండి వెలువడు ఎలక్ట్రానులు ఒక ప్రక్కకే ఎక్కువగా పోవుచున్నవని చూపెను. ప్రకృతి కుడియెడమల భేదమును పాటించుచున్నది! ఇట్లు కావచ్చునని ముందు సంవత్సరము సూచించినవారిలో యాంగ్ ఒకడు, లీ రెండవవాడు. పౌలీ దిగ్భ్రాంతుడయ్యెను. అద్దము ముందు నిలువదని తోసివేసిన వైల్ సమీకరణము న్యూట్రినో అను కణమునకు ఎత్తిపెట్టినట్లు సరిపోయెను. న్యూట్రినోకు కూడ అత్యల్పమైన ద్రవ్యరాశి యున్నదని 1998లో జపాను దేశపు పరీక్షలు తెలిపినవి గనుక ఆ సరిపోవుటయు సంపూర్ణము కాదు. ద్రవ్యరాశి ఈ కథలో ఎవరినిగాని సుఖముగా నుండనీయదు.

పౌలీ ప్రశ్నకు సమాధానము 1964లో వచ్చినది. హిగ్స్, అంగ్లేర్, బ్రౌట్ మొదలగువారు చెప్పినదేమనగా: సమీకరణమును చెరుపవద్దు, ద్రవ్యరాశిని దానిలో వ్రాయవద్దు. శూన్యమని మనమనుకొను ఆకాశమంతటను ఒక క్షేత్రము నిండియున్నది. దానితో తగులుకొనిన గేజి కణములకు ద్రవ్యరాశి కలుగును. తగులుకొనని కాంతికి కలుగదు. సౌష్ఠవము సమీకరణమున చెక్కుచెదరక యుండును, పైకి మాత్రము కనిపింపదు. వైన్‌బర్గ్ 1967లోను, సలాం 1968లోను ఈ ఉపాయముతో రేడియో ధార్మికతకు కారణమైన బలహీన బలమును విద్యుత్తుతో జోడించిరి. ఆ బలమును మోయు డబ్ల్యు, జెడ్ అను కణములు 1983లో జెనీవా సమీపమున సెర్న్ ప్రయోగశాలలో దొరకెను. డబ్ల్యు ప్రోటాను కంటె సుమారు 86 రెట్లు, జెడ్ సుమారు 97 రెట్లు బరువైనవి. ఆ బలము దూరము పోలేకపోవుటకు కారణము ఆ బరువే. హిగ్స్ క్షేత్రపు కణము 2012 జూలైలో అచటనే కనబడెను.

ఎలక్ట్రాను ద్రవ్యరాశి కూడ ఆ క్షేత్రము నుండియే. ఎడమవాటపు భాగమును కుడివాటపు భాగముతో కట్టు త్రాడు అదియే. 1929లో వైల్ ఖాళీగా విడిచిన చోటు వెలుపలి నుండియే నిండినది. నింపినది మాత్రము ఆయన ఆశించిన గురుత్వాకర్షణ కాదు. ఇంతమాత్రమున మన శరీరపు బరువంతయు హిగ్స్ క్షేత్రము పెట్టిన భిక్ష యని వార్తాపత్రికలు వ్రాయుట సరికాదు. మన బరువులో అత్యధికభాగము ప్రోటాను, న్యూట్రానులది; వాని బరువులో అత్యధికభాగము వాని లోపల నున్న గేజి క్షేత్రముల శక్తియే.

వైల్ సమీకరణమును సంపూర్ణముగా పాటించు కణము స్వతంత్రముగా ఇంతవరకు దొరకలేదు. కాని 2015లో టాంటలము, ఆర్సెనిక్ అను మూలకములతో చేసిన స్ఫటికము లోపల ఎలక్ట్రానుల సమష్టి చలనము అచ్చముగా ఆ రెండంశముల సమీకరణము ననుసరించుచున్నదని పరిశోధకులు కనుగొనిరి. కనుగొన్న బృందములలో నొకటి చైనాలోని బీజింగు నగరమునకు చెందినది, వేరొకటి ప్రిన్‌స్టన్‌కు చెందినది. అట్టి పదార్థములకు వైల్ అర్ధలోహములని పేరు పెట్టిరి.